తరవాణి కుండ

జులై 4

అంగన్‌వాడీ సెంటర్లో రిజిస్టర్లు రాసీ రాసీ ఏమో, మనసులో మాటకైనా తేదీ వేస్తేగానీ చెయ్యి కదలడం లేదు. సరే, వేశాను. ఇది ఎవరికోసమూ కాదు. ఎవరితోనైనా చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకని ఇక్కడ.

ఆయనకు మొదటి కీమో అయింది. బాగానే ఉన్నారు. కొంచెం నీరసం, అంతే. రాజమండ్రి ఆస్పత్రి నుంచి వస్తూ ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆటో ఆపించి గోదావరిని చూశారు. ఎర్రనీరు దిగుతోంది, పులసలు పడే రోజులొచ్చాయి అన్నారు. రక్తంలో కేన్సర్ పెట్టుకుని ఈ మనిషికి పులసల గొడవేంటి? గట్టిగా కసిరాను. నవ్వారు. జీవితమంతా చేపలమ్మిన మనిషి ఇంకేం మాట్లాడతారు.

ఇంటికి రాగానే అడిగింది ఒకటే, కుండలో పులిసిన గంజి, తరవాణి. నిమ్మాకులు నలిపి, ఉప్పు వేసి గ్లాసు నిండా ఇచ్చాను. నోరంతా ఇనుము నాకినట్టుందట, ఇదొక్కటే రుచి తెలుస్తోందట. గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

జులై 8

ఈరోజు తల్లుల మీటింగు. పెరుగు గురించి, పులిసిన వాటి గురించి చెప్పాను. మన పేగుల్లో మంచి క్రిములుంటాయి, అవి తిన్నది అరిగిస్తాయి, చెడ్డ క్రిములకు చోటివ్వవు, చంటిపిల్లకి విరేచనాలు పట్టుకుని మందులు వాడాక కొంచెం పెరుగన్నం పెట్టండి అని. ఒకమ్మాయి లేచి, ప్రోబయాటిక్ అంటారు అదేనా టీచరుగారూ అని అడిగింది. అదేనమ్మా, డబ్బాలో కొంటే ప్రోబయాటిక్, కుండలో ఉంటే తరవాణి అన్నాను. అందరూ నవ్వారు. నాక్కూడా గర్వంగానే అనిపించింది.

మరిది అప్పాజీ కూడా రోజూ అవే వీడియోలు పంపిస్తున్నాడు. పేగు బాగుంటే ఒళ్ళంతా బాగుంటుందట. మా అత్తగారు ఏ వీడియో చూసి చెప్పింది? ఈ కుండ ఆవిడదే. ఆవిడ పోయాక కూడా ఇది ఒక్కపూట ఎండలేదు. అన్నం వార్చిన గంజి చల్లార్చి పోయడం, పులిసిన నీళ్ళు వంచుకోవడం, అడుగున కాస్త ఉంచడం. ఆ ఉంచిందే మర్నాటి గంజిని పులియబెడుతుంది. అడుగు కనబడనీయకే, ఎంగిలి చెయ్యి పెట్టకే, పరాయి ఇంటి గంజి కలపకే అని నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది.

ఆయనకు ఈ రోజు నుంచి రెండు గ్లాసులు ఇస్తున్నాను. బలం రావాలి కదా.

జులై 12

జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. ఆటోకి ఫోన్ చేశాను.

జులై 20

ఇంటికొచ్చాం. బాగానే ఉన్నారు. కొంచెం నీరసం.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, చిన్నపిల్లే, నా మేనకోడలంత ఉంటుంది, ఇంట్లో ఏం పెడుతున్నారని అడిగింది. తరవాణి అన్నాను. ఎలా చేస్తారంది. చెప్పాను, గర్వంగానే చెప్పాను, మంచి క్రిములుంటాయి కదండీ అని కూడా అన్నాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మంచివేనమ్మా. మీకూ నాకూ మంచివే. కానీ సత్తియ్యగారి ఒంట్లో ఇప్పుడు తెల్లకణాలు లేవు. తలుపుల్లేని ఇల్లనుకోండి. అందులోకి చుట్టం రావడమైనా ప్రమాదమే. కణాలు పెరిగేదాకా తరవాణి వద్దు, పెరుగు వద్దు, పచ్చివేమీ వద్దు. అప్పుడు వండి అప్పుడే పెట్టండి."

జ్వరం దానివల్లే వచ్చిందా అని అడిగాను. దానివల్లే అని చెప్పలేనమ్మా అంది. కాదని కూడా చెప్పలేదు.

జులై 21

దానివల్లే అని చెప్పలేను అంది. అంటే కాదనే కదా.

తాతల నాటి నుంచి తాగుతున్నదే. మా మావగారు తరవాణి తాగి తెల్లారకముందే పడవెక్కేవారు, ఒక్కరోజు మంచాన పడింది లేదు. ఆయనా అంతే. ఇన్నేళ్ళు కాపాడింది ఇప్పుడెందుకు కాటేస్తుంది?

అప్పాజీ మందుల షాపులో ప్రోబయాటిక్ గొట్టం మాత్రలు కొనుక్కొచ్చాడు. ఇది కంపెనీది వదినా, కుండది కాదు, దీనికేం కాదు అన్నాడు. ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగాను. అవీ వద్దన్నారు. అప్పాజీ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

నేను రెండు గ్లాసులిచ్చాను. ఒకటి చాలదా? నాదంతా అతి, ఏదైనా.

జులై 27

ఈ మనిషిని ఏం చెయ్యాలి? సెంటర్ నుంచి వచ్చేసరికి కుండ పక్కన గోడకానుకుని కూర్చుని ఉన్నారు, చేతిలో గ్లాసు. లేచి నిలబడే ఓపిక లేదు గానీ వంటింటి దాకా పాక్కుంటూ వచ్చారట. గ్లాసు లాక్కున్నాను. చిన్నపిల్లాడిలా చూశారు. "ఒక్క గుక్కే దుర్గా" అన్నారు.

ఒక్క గుక్క. అరిచాను. చచ్చిపోతారు అని అరిచాను. ఇన్నాళ్ళూ నోట్లోంచి రానివ్వని మాట అంత సులువుగా వచ్చేసింది. ఆయన తల దించుకున్నారు.

జులై 28

పొద్దున్నే ఆయన నిద్ర లేవకముందు కుండని కింది చుట్టకుదురుతో సహా ఎత్తుకెళ్ళి ఎదురింటి రెబెక్కా వంటింట్లో పెట్టేశాను. పారబోయడానికి చేతులు రాలేదు. ఆయన కణాలు పెరిగాక తాగాలి కదా, అప్పటిదాకా బతికించాలి. పరాయి ఇంట్లో పెట్టినందుకు అత్తగారు పైనుంచి శాపాలు పెడుతూ ఉంటుంది. పెట్టనీ.

రెబెక్కా మిషను కుడుతూ ఆగి చూసింది. మాలాంటి లూథరన్ చర్చి వాళ్ళింట్లో మీ కుండ పెడితే మీ పట్టిసీమ వదినగారు ఊరుకుంటారా అక్కా అంది. ఆవిడకి చెప్పేదెవరు అన్నాను. కుండకి నీడగా ఉండే మూల చూపించి, పైన శుభ్రమైన గుడ్డ కప్పింది.

ఆయనతో పిల్లి దూకి కుండ పగిలిపోయిందని చెప్పాను. "అమ్మ కుండ" అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆగస్టు 6

రెండో కీమో. బాగానే ఉన్నారు.

ఆగస్టు 17

నా దినచర్య ఇదీ. పొద్దున్న వంట, వార్చిన గంజి స్టీలు క్యానులో పోసి దాచడం, సెంటరు, సాయంత్రం వస్తూ రెబెక్కా ఇంటికెళ్ళి కుండలో పోయడం, రెండు నిమ్మాకులు నలిపి వేయడం, కాస్త వంచి రెబెక్కాకి ఇవ్వడం. తర్వాత వాళ్ళ కుళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటాను. ఆయన్ని ముట్టుకునే ముందు ఎలాగూ కడుక్కోవాలి. పైగా వాసన పట్టేస్తారు, చేపల మనిషి ముక్కు.

రెబెక్కాకి ఎసిడిటీ తగ్గిందట. మిషను మీద కూర్చుంటే వచ్చే కడుపుబ్బరం కూడా లేదట. మంచి క్రిములక్కా, నువ్వు చెప్పినట్టే అంది. అవును, మంచివే. ఆ పిల్ల సంతోషంగా చెబుతుంటే నేను కుండ మీద గుడ్డ సర్దాను. మా ఇంటి కుండ ఎదురింటి కడుపుకి మేలు చేస్తోంది. ఎవరికోసం ఉంచానో ఆ మనిషి ఉడికించిన నీళ్ళు తాగుతూ మొహం చిట్లిస్తున్నారు.

ఆగస్టు 29

మొదటి హెచ్చరిక జెండా ఎగరేశారు. గోదావరి మెట్ల దాకా వచ్చింది. కిటికీ దగ్గర కుర్చీ వేస్తే చూస్తూ కూర్చున్నారు. జుట్టంతా పోయింది. నున్నటి గుండు మీద చెయ్యి వేసుకుని, తిరపతి వెళ్ళే ఖర్చు తప్పింది అన్నారు. నవ్వాను. వంటింట్లోకొచ్చి ఏడ్చాను.

కణాలు కొంచెం పెరిగాయి. ఇంకొంచెం పెరగాలట.

సెప్టెంబరు 14

పెద్దాడపడుచు అచ్చాయమ్మ వదిన పట్టిసీమ నుంచి వచ్చింది. చెప్పులు విప్పకముందే వంటింట్లోకి తొంగిచూసి, అమ్మ కుండేది అంది. ఆయనే చెప్పారు, పగిలిపోయిందని. వదిన నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"జబ్బు మనిషున్న ఇంట్లో కుండ పగిలిందని నోటితో ఎలా అన్నావే? కుండ ఎప్పుడు పగులుతుందో తెలీదా నీకు?"

తెలియక కాదు. చితి చుట్టూ తిరిగేటప్పుడు పగులుతుంది. నిజంగా ఆ క్షణం దాకా నాకు అది తట్టనేలేదు. వేరే ఏ అబద్ధమైనా చెప్పొచ్చు, ఎవరికో ఇచ్చాననొచ్చు, బీటవారిందనొచ్చు. పిల్లి దూకిందట, పగిలిందట. నా నోరు కాలిపోను. వదినకి నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే రెబెక్కా ఇంట్లో ఉందని ఇల్లెక్కి అరుస్తుంది, ఆయన వింటారు.

వదిన వెళ్ళేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సెప్టెంబరు 15

అది నిజంగా పగల్లేదు. పగల్లేదు కదా. మాటదేముంది.

అక్టోబరు 3

మళ్ళీ జ్వరం. ఈసారి తరవాణి లేదు, పెరుగు లేదు, అంతా అప్పుడే వండింది. అయినా వచ్చింది. పాపిష్ఠిదాన్ని, నాకు లోపల ఎక్కడో కాస్త ఊరటగా అనిపించింది. అంటే జులైలో కూడా నా వల్ల కాదేమో. ఆయన ఒళ్ళు కాలిపోతుంటే నేను ఆలోచిస్తున్నది ఇదీ.

అక్టోబరు 16

ఎముకలోంచి సూదితో తీసిన పరీక్ష రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

కీమో ఆపేస్తున్నారు! ఇంక అక్కర్లేదట. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మంది. ఏం తినాలనుంటే అది పెట్టండి అంది. తరవాణి కూడానా అండీ అని అడిగాను. పెట్టండమ్మా, ఆయనకిష్టమైంది పెట్టండి అంది. ఇన్నాళ్ళూ అదీ వద్దు ఇదీ వద్దు అన్న పిల్లే.

ఇంకేదో కూడా చెప్పింది. ఫ్యాను చప్పుడులో సరిగ్గా వినపడలేదు.

వస్తూ ఆత్రేయపురం పూతరేకులు కొన్నాను, ఆయన అడిగారు. రేపే కుండ తెచ్చేస్తాను.

అక్టోబరు 17

తెల్లారగానే రెబెక్కా ఇంటికి వెళ్ళాను. డాక్టరమ్మ ఒప్పుకుందే అని చెప్పాను. రెబెక్కా నా మొహంలోకి చూసింది. ఏదో అడగబోయి మానేసింది. కుండ మీద గుడ్డ తీసి, ఒక చేయి తనూ వేసి మా గడప దాకా మోసింది. లోపలికి రాలేదు. ఎందుకు ఏడుస్తున్నావే అంటే ఉల్లిపాయలు తరిగానక్కా అంది. ఆ టైములో ఉల్లిపాయలేంటో.

కుండని పాత చోటే పెట్టాను. గ్లాసులో వంచి, నిమ్మాకు నలిపి తీసుకెళ్ళాను. కుండ పగల్లేదండీ, దాచాను, డాక్టరమ్మ తాగొచ్చంది, అన్నాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు వాసన చూశారు.

"పగల్లేదని తెలుసు దుర్గా. నిమ్మాకు వాసన సబ్బుకి పోదు. రోజూ సాయంత్రం నీ చేతికి ఉండేది."

మరి అడగలేదేం అన్నాను.

"నువ్వు దాస్తున్నావంటే నేను మళ్ళీ తాగే రోజొస్తుందని నమ్ముతున్నావు కదా అనుకునేవాణ్ణి. అది బాగుండేది." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇవాళ కుండ ఇంటికొచ్చిందంటే డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలిసిందిలే."

తాగారు. మెల్లగా, గుక్క గుక్కకీ ఆగుతూ. చాలా బాగుంది అన్నారు.

ఫ్యాను చప్పుడేమీ లేదు. ఆ గదిలో ఫ్యానే తిరగడం లేదు. అంతా వినపడింది. మందు పనిచెయ్యలేదమ్మా, జబ్బు మళ్ళీ నిండిపోయింది, ఇంక సూదులు పొడిస్తే ఆయన్ని బాధపెట్టడమే, దీపావళి దాకా ఉంటే ఎక్కువ అంది. ప్రతి మాటా వినపడింది.

అక్టోబరు 19

రోజూ తాగుతున్నారు. రెండు గుక్కలకన్నా దిగడం లేదు.

ఈరోజు పిలిచి, కుండని మళ్ళీ రెబెక్కా ఇంట్లో పెట్టిరా అన్నారు. ఎందుకన్నాను. ఎందుకో నాకు తెలుసు, అయినా అన్నాను. "మైలలో ఇంట్లో మట్టివన్నీ పారేస్తారు. అక్క ఒక్కటీ ఉంచదు. అమ్మ కుండ నా వల్ల పోకూడదు."

కుదరదన్నాను. ఈ కుండ ఇక్కడే ఉంటుంది, మీరు తాగుతారు, ఇంకోసారి ఆ మాటెత్తితే నేనే పగలగొడతాను అన్నాను. ఎంత మాటన్నానో. ఆయనకి కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

నేనెలా మోసుకెళ్ళను? వీధిలో నడుచుకుంటూ కుండ పట్టుకెళ్తే, నేనే ఆయన్ని సాగనంపినట్టు కాదూ?

అక్టోబరు 21

అచ్చాయమ్మ వదిన వచ్చింది. కుండ చూసింది. పగిలిందన్న కుండ ఎలా వచ్చిందని అడగలేదు. దాని పక్కన కూర్చుని, అమ్మా అని ఏడ్చింది. అప్పాజీ మంచం దగ్గర నేల మీద పడుకుంటున్నాడు.

తరవాణి దిగడం లేదు. దూది ముంచి పెదాలు తడుపుతున్నాను. నాలుకతో తడుముకుంటున్నారు. ఒకసారి కళ్ళు తెరిచి కుండ వైపు చూశారు, తర్వాత నా వైపు. నేను చూడనట్టు దూది పిండుకున్నాను.

అక్టోబరు 22

కుండ రెబెక్కా ఇంట్లో పెట్టొచ్చాను. మంచం పక్కనుంచే తీసుకెళ్ళాను, ఆయనకి కనబడేలా.

నవంబరు 4

పెద్దకర్మ అయింది. అందరూ వెళ్ళిపోయారు.

రాయడానికేముంది. ఇరవై మూడున పోయారు, పొద్దున. ఆడవాళ్ళు రేవు దాకా రాకూడదన్నారు. అప్పాజీ భుజం మీద కుండ పగిలిన చప్పుడు నేను వినలేదు. వదిన ఇంట్లో మట్టివన్నీ గోదాట్లో వదిలేయించింది, మంచినీళ్ళ కుండ, ఉప్పు పిడత, నేను అట్లు పోసే మట్టి పెనం కూడా. ఆయన చెప్పినట్టే ఒక్కటీ ఉంచలేదు. వంటింటి మూల చుట్టకుదురు అచ్చు మాత్రం ఉంది, గుండ్రంగా.

వదిన బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, కుండేది అని మెల్లగా అడిగింది. ఎదురింటి వైపు చూశాను. తనూ అటు చూసి, ఒక్కరోజూ ఎండనీయకు అంది.

నవంబరు 5

సెంటరుకి సెలవు పెట్టాను. ఒక్కదానికి అన్నం వండుకున్నాను. పిల్లల్లేని ఇంట్లో ఇన్నేళ్ళూ ఇద్దరికి వండిన చెయ్యి, సోలెడు బియ్యం ఎక్కువే వేసింది. అయినా గంజి గిన్నె అడుగున కొంచెం వచ్చింది. దాంతో కుండ ఏం నిండుతుంది?

దాన్నే తీసుకుని రెబెక్కా ఇంటికి వెళ్ళాను. ఈ పదమూడు రోజులూ మైలలో ఉన్నదాన్ని, ఒక్కరోజూ వెళ్ళలేదు. ఎండిపోయి ఉంటుందనే అనుకున్నాను. గుడ్డ తీస్తే తరవాణి మెడ దాకా ఉంది, నిమ్మాకులు తేలుతున్నాయి. రెబెక్కా తలొంచుకుని, మా గంజి పోశానక్కా, కలపకూడదని తెలుసు, చచ్చిపోతుందని భయమేసింది అంది.

అత్తగారు గుర్తొచ్చింది. ఆయన గుర్తొచ్చారు. పరాయి గంజేమిటి, ఇంతకాలం మా కుండ తాగి రెబెక్కా కడుపు బాగుపడింది, ఇప్పుడు రెబెక్కా గంజి తాగి మా కుండ బతికింది. మంచిపని చేశావే అన్నాను. ఇద్దరం ఏడ్చాం, ఈసారి ఉల్లిపాయల వంక పెట్టకుండా.

నేను తెచ్చిన గంజి కూడా పోశాను. నిమ్మాకు నలిపాను. జులై నుంచి అలవాటు, కాళ్ళు వాటంతటవే కుళాయి దగ్గరికి వెళ్ళాయి, సబ్బు చేతిలోకి తీసుకున్నాను. ఇంటి దగ్గర ఎవరున్నారని? సబ్బు అక్కడే పెట్టేశాను.

ఇది రాస్తుంటే చేతికి ఆ వాసన ఉంది. సబ్బుకి పోదని ఆయన చెప్పింది నిజమో అబద్ధమో తెలియదు, ఇవాళ కడుక్కోలేదు.